మెదక్ మొత్తానికి ఒకే ఒక్క బాకీదారు

పద్దెనిమిదేళ్ళ వయసులో నాకొక గట్టి నమ్మకం ఉండేది. మెదక్ ఊళ్ళో నాకంటే తెలివైన మనిషి లేదని. ఆ నమ్మకానికి ఆధారం ఒక సర్టిఫికెట్. బజారులో మేడమీద నడిచే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఆరు నెలలు చెక్క బెంచీ అరగదీసి, బుక్‌కీపింగ్ లోయర్ పరీక్ష ఫస్టు క్లాసులో పాసయ్యాను. పరీక్షకు కూచున్న ఆడపిల్లను నేనొక్కదాన్నే కాబట్టి ఆడపిల్లల్లో మొదటి స్థానం కూడా నాదే. ఈ రెండో సంగతి అడిగినవాళ్ళకు, అడగనివాళ్ళకు కూడా చెప్పేదాన్ని.

ఇన్‌స్టిట్యూట్ మాస్టరు పాఠం చాలా సులువు. డెబిట్ ఎడమవైపు, క్రెడిట్ కుడివైపు. ఎందుకని అడిగినవాళ్ళు ఫెయిలవుతారని మొదటి రోజే బెదిరించాడు. నేను అడగలేదు. మనకు డబ్బు ఇవ్వాల్సినవాడు డెటర్, అంటే బాకీదారు. మనం ఎవరికి ఇవ్వాలో వాడు క్రెడిటర్, అంటే అప్పిచ్చినవాడు. లోకంలో మూడో రకం మనిషి లేడు అనేవాడాయన. ఆ మాట నాకు తెగ నచ్చింది. ఇంట్లో అందరినీ రెండు వరసల్లో నిలబెట్టేశాను. నా రిబ్బను తీసుకుని ఇవ్వని చెల్లెలు డెటర్. నాలుగణాలు అప్పిచ్చిన మేనమామ క్రెడిటర్. పక్కింటావిడ చక్కెర గిన్నె కోసం వచ్చినప్పుడు, మా అమ్మ మీకు డెటర్ అయి పదకొండు రోజులైందని అందరి ముందూ చెప్పాను. ఆవిడ వెళ్ళాక అమ్మ గరిటెతో నా లెక్క తేల్చింది.

మా నాయినకు చర్చికి వెళ్ళే దారిలో బట్టల దుకాణం ఉండేది. క్రిస్మస్‌కు చర్చి వాళ్ళు, రంజాన్‌కు సాయిబులు, జాతరలకు, పెళ్ళిళ్ళకు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మా దగ్గరే గుడ్డ తీసుకునేవాళ్ళు. తీసుకునేవాళ్ళు అని జాగ్రత్తగానే అంటున్నాను. కొనేవాళ్ళు అనడానికి మధ్యలో డబ్బు చేతులు మారాలి. ముప్పావువంతు ఖాతా మీదే నడిచేది. గల్లా పక్కన వాలుగా ఉన్న చిన్న డెస్కు, దాని వెనక పరుపు, ఆ పరుపు మీద మా మున్షీ. తెల్ల గడ్డం, నల్ల టోపీ, చెవి వెనక కలం. నాయిన పెళ్ళికి ముందు నుంచీ ఆయనే లెక్కలు రాసేవాడు. నాకు ఆ డెస్కు కావాలి. ఊళ్ళో ఏ ఆడపిల్లా బజారు దుకాణంలో డెస్కు వెనక కూచోలేదు కాబట్టి మరీ కావాలి.

నాయినకు నా విషయంలో వేరే ఆలోచన ఉంది. టీచర్ ట్రేనింగు ఫారం తెచ్చి బీరువాలో పెట్టి ఉంచాడు. నేను పిల్లలకు ఎక్కాలు చెప్పుకుంటూ బతకాలని ఆయన కోరిక. ఆ ఫారం పేరెత్తితే నాకు అన్నం సహించేది కాదు.

ఆ ఏడాది శివరాత్రికి జరిగే ఏడుపాయల జాతర అయిపోయిన వారానికి మున్షీ సాబుకు కంటి ఆపరేషను పడింది. శుక్లాలు ముదిరిపోయాయి. హైదరాబాదులో కొడుకు దగ్గర రెండు నెలలు ఉండి రావాలన్నారు. డెస్కు ఖాళీ. నేను రెండు రోజులు అన్నం మానేసి, మూడో రోజు నాయిన ఒప్పుకున్నాక రెండు రోజులదీ కలిపి తిన్నాను. కానీ ఆయన ఒక షరతు పెట్టాడు.

"రెండు నెలలు చూస్త. లెక్క తప్పిందని ఒక్క మనిషి నా దుకాణం మెట్లు ఎక్కిండా, నువ్వు ట్రేనింగుకు పోతవ్. ఎవ్వలు ఎక్కకపోతే డెస్కు నీదే. మాటంటే మాటే."

మున్షీ సాబ్ పొద్దున బస్సుకు వెళ్తూ ఖాతా పుస్తకం నా చేతిలో పెట్టాడు. ఎర్ర గుడ్డ అట్ట, తాడుతో కట్టిన పొడుగు పుస్తకం. మనిషికో పేజీ. పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత. గీతకు ఎడమపక్క కొన్ని అంకెలు, కుడిపక్క కొన్ని అంకెలు. పైన శీర్షికలు లేవు. ఏ పక్క ఏమిటో ముప్పై ఏళ్ళుగా రాస్తున్న మనిషి రాసుకోవాల్సిన పని లేదు, నాయిన ఆ పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. ఎవరెంత ఇవ్వాలో ఆయనకు మనిషి మొహం చూస్తే గుర్తొచ్చేది. మొహం కనబడకపోతే గుర్తొచ్చేది కాదు. మా దుకాణం పరిస్థితికి అదొక కారణం.

చదువుకున్న మనిషి చెయ్యి పెట్టాల్సిన పుస్తకం కాదనిపించింది నాకు. డెబిట్, క్రెడిట్ అని అచ్చేసిన గళ్ళున్న కొత్త లెడ్జరు కొనిపించాను. నాలుగు రోజులు తల ఎత్తకుండా పాతది కొత్తదాంట్లోకి ఎక్కించాను. ఎడమవైపువి ఎడమకు, కుడివైపువి కుడికి. ఒక్క అంకె పొల్లుపోలేదు. అంత శుభ్రంగా నేను జీవితంలో మరో పని చేయలేదని ఇప్పటికీ ఒట్టేసి చెప్పగలను.

అయిదో రోజు బాకీలు తేల్చడానికి కూచున్నాను. మొదటి పేజీలో కుడివైపు ఎక్కువ వచ్చింది. కుడి అంటే క్రెడిట్. అంటే ఆ మనిషికి మేమే ఇవ్వాలి. రెండో పేజీ కూడా అంతే. మూడోది అంతే. మొత్తం అరవై మూడు ఖాతాల్లో అరవై రెండు కుడివైపే మొగ్గాయి. రెండోసారి కూడి చూశాను, అంతే వచ్చింది. మా నాయిన మెదక్ సగానికి బాకీ ఉన్నాడు.

కాసేపటికి అంతా అర్థమైపోయింది. నాకు ఆ రోజుల్లో ఏదైనా కాసేపట్లోనే అర్థమైపోయేది. మా వైపు జనం బ్యాంకులో డబ్బు వేసేవాళ్ళు కాదు. జాతరలో నాలుగు రూపాయలు సంపాదించినా, ధాన్యం అమ్మినా, నమ్మకమైన దుకాణదారు దగ్గర దాచుకునేవాళ్ళు. నాయిన నమ్మకమైనవాడు. అంటే ఊరంతా తెచ్చి మా దగ్గర దాచుకుంది, నాయిన ఆ డబ్బంతా సరుకు మీద పెట్టేశాడు. డబ్బివ్వకుండా గుడ్డ తీసుకుని దర్జాగా వెళ్ళిపోయేవాళ్ళను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. ఇన్నాళ్ళూ వాళ్ళను సిగ్గులేనివాళ్ళనుకున్నాను. పాపం, వాళ్ళ సొమ్ములోంచే తీసుకుంటున్నారన్నమాట. మనసులో అందరికీ క్షమాపణ చెప్పుకున్నాను.

మిగిలిన ఆ ఒక్క ఖాతా ఇస్తారాకుల అవ్వది. మోదుగాకులు పుల్లలతో కుట్టి హోటళ్ళకు, విందులకు అమ్మే ముసలామె. ఖిల్లా కింద గుడిసెలో ఒంటరిగా ఉండేది. జాతరలో ఇస్తారాకులన్నీ అమ్ముకుని, దుమ్ము కాళ్ళతో నేరుగా మా దుకాణానికి వచ్చి, కొంగు ముడి విప్పి నాయిన చేతిలో డబ్బు పెట్టడం నేనూ చూశాను. దుకాణదారుకు డబ్బిచ్చే మనిషి బాకీదారు కాక మరేమవుతుంది? నా పుస్తకంలో ఆమెకు ఎడమవైపు ఎనభై ఆరు రూపాయలు తేలింది. మెదక్ మొత్తంలో మాకు డబ్బు ఇవ్వాల్సిన ఒకే ఒక్క మనిషి ఆ అవ్వ.

ఈ సంగతి నాయినకు చెబితే గుండె ఆగిపోతుందని చెప్పలేదు. అసలు నిజం అది కాదు. లెక్కలన్నీ ఊరివాళ్ళతో సరిచూసి, ఎంత అప్పుందో పైసలతో సహా తేల్చి, ఒకేసారి బల్ల మీద పెట్టి ఆయన నోరు తెరిచేలా చేయాలని నా కోరిక. అందుకని ఖాతాదార్లకు పోస్టు కార్డులు రాస్తానన్నాను. బాకీలు అడగడానికే అనుకుని ఆయన సంతోషించాడు. మర్యాదగా రాయమన్నాడు. చాలా మర్యాదగా రాస్తానన్నాను. ఇద్దరం నిజమే మాట్లాడుకున్నాం.

అక్షరం వంకర పోయిన ప్రతి కార్డూ చించి మళ్ళీ రాయడంతో, అన్నీ పోస్టులో వేసేసరికి నెల దాటింది. అరవై రెండు కార్డుల మీద ఒకే మాట. మా పుస్తకాల ప్రకారం మేము తమరికి ఇన్ని రూపాయలు ఇవ్వవలసి ఉన్నది, దయచేసి దుకాణానికి విచ్చేసి సరిచూసుకొని తీసుకొనిపోగలరు, ఇట్లు తమ విధేయులు. అరవై మూడోది అవ్వకు. నా దగ్గర ఉత్తరాల నమూనా పుస్తకం ఒకటుంది. అందులో బాకీదార్లకు రాసే ఉత్తరాలు నాలుగున్నాయి, ఒకదాన్ని మించి ఇంకొకటి ఘాటుగా. బాకీదారు ఒక్కరే దొరికినప్పుడు నాలుగోదే వాడకపోతే చదివిన చదువు దండగ. పదిహేను రోజుల్లోగా ఎనభై ఆరు రూపాయలు చెల్లించాలని, లేనిచో చట్టరీత్యా చర్య తీసుకొనబడునని రాశాను. రాశాక ఒకసారి పైకి చదువుకుని మురిసిపోయాను.

పోస్టులో వేసిన మూడో రోజు పొద్దున మటన్ దుకాణం సాయిబు వచ్చాడు. కార్డు చేతిలో నలిగిపోయి ఉంది. ఆయనకు మేం ముప్పై ఏడు రూపాయలు ఇవ్వాలి, నా పుస్తకం ప్రకారం. నేను లెడ్జరు తెరిచి చిరునవ్వుతో సిద్ధంగా కూచున్నాను. ఆయన నా వైపు చూడనైనా చూడకుండా ముప్పై ఏడు రూపాయలు లెక్కపెట్టి నాయిన ముందు పడేశాడు.

"లేటయింది, ఎగ్గొట్టలే. సీదా అడుగు భాయ్, ఇస్త. గిట్ల కార్డు రాసి నలుగుట్ల ఇజ్జత్ తీసుడేంది? పోస్టాయన గూడ నవ్విండు."

నాయిన బిత్తరపోయి, చిన్నపిల్ల రాసింది ఏమీ అనుకోవద్దని బతిమాలి పంపాడు. ఏం రాశావని నన్నడిగాడు. మర్యాదగానే రాశానన్నాను. తర్వాత దర్జీ ఒకాయన వచ్చాడు, ఆయనా కట్టాడు. అల్లాదుర్గ్ నుంచి ఒక పటేలు మనిషిని పంపాడు, మొత్తం కట్టేసి ఇక మీ దుకాణం గడప తొక్కనని కబురు చెప్పించాడు, తర్వాతి వారమే వచ్చి ధోవతుల చాపు తీసుకెళ్ళాడు. ఇంకొకాయన వడ్డీ కూడా వేసుకొచ్చాడు. ఎందుకో నాకు అంతుపట్టలేదు. ఇప్పుడైతే తెలుసు. అప్పు ఎగ్గొట్టి తిరుగుతున్న మనిషికి, మేమే మీకు ఇవ్వాలి, దయచేసి వచ్చి తీసుకెళ్ళండి అని రాస్తే అంతకు మించిన ఎత్తిపొడుపు ఉంటుందా? మా వైపు తిడితే తుడిచేసుకుంటారు. వంగి దండం పెట్టి ఎత్తిపొడిస్తే మాత్రం ఒళ్ళు మండిపోతుంది. పదేళ్ళు నాయిన బతిమాలితే రాని డబ్బు పది రోజుల్లో వచ్చి పడుతోంది.

ఒక్క లెక్కల సారు మాత్రం వేరే దారి పట్టాడు. ఆయన మా చెల్లెలి బళ్ళో లెక్కలు చెబుతాడు. అరవై రెండు రూపాయలు బాకీ. నాయిన లేని సమయం చూసి, ఇస్త్రీ చేసిన కోటు వేసుకుని వచ్చాడు. కార్డు నా ముందు పెట్టి, మీ నాయిన ధర్మాత్ముడని, నగదు ఇచ్చి ఇబ్బంది పడనక్కర్లేదని, గుడ్డ రూపంలో తీసుకుంటానని చెప్పాడు. టెరిలిన్ పాంటు గుడ్డ, రెండు షర్టులకు పాప్లిన్ కోయించుకున్నాడు. ముప్పై నాలుగు రూపాయలు. మిగిలిన ఇరవై ఎనిమిది దసరాకు చూసుకుందామన్నాడు. ఎంత పెద్దమనసనుకున్నాను. లెక్కల సారు మొహంలో ఆ పూట ఏ తొట్రుపాటూ లేదు. అరవై రెండులోంచి ముప్పై నాలుగు తీసేస్తే ఇరవై ఎనిమిదని వేళ్ళ మీద చూపించి మరీ చెప్పాడు.

ఇక నా లెడ్జరు సంగతి. నాయిన గల్లా నింపుకుంటూ కూనిరాగాలు తీస్తుంటే, నేను డెస్కు వెనక కుమిలిపోతున్నాను. మటన్ సాయిబుకు మేం ముప్పై ఏడు ఇవ్వాలి కదా. ఆయన ఇంకో ముప్పై ఏడు తెచ్చిచ్చాడు. అంటే ఇప్పుడు డెబ్బై నాలుగు ఇవ్వాలి. జనం ఎంత కడితే మా అప్పు అంత పెరుగుతోంది. ఊరంతా పిచ్చెక్కినట్టు తెచ్చి మా మొహాన పోస్తోంది, రేపు అందరూ ఒక్కసారి వచ్చి అడిగితే ఇల్లు అమ్మినా చాలదు. ఆ పుస్తకం మొత్తంలో కట్టినకొద్దీ బాకీ తగ్గుతున్న పద్ధతైన మనిషి ఒక్క అవ్వే.

అవ్వ కార్డు అందిన నాలుగో రోజే వచ్చింది. మెట్లెక్కలేదు, కిందే నిలబడింది. నాయిన లోపల తానులు సర్దుతున్నాడు. నేనే దిగి వెళ్ళాను. కొంగు ముడి విప్పి అయిదు రూపాయలు నా చేతిలో పెట్టింది. పదిహేను దినాల్లో అంతా కట్టలేనని, వారానికి అయిదు కడతానని, కోర్టుకు మాత్రం పోవద్దని అడిగింది. నేను గొప్పగా ఒప్పుకున్నాను. రశీదు రాసిచ్చాను. పై రెండు వారాలూ అదే రోజు, అదే వేళకు వచ్చింది. ఇంత పెద్ద ఊళ్ళో మాట మీద నిలబడే మనిషి ఈమె ఒక్కతేనని చెల్లెలికి పాఠంలా చెప్పాను. మొత్తం పదిహేను రూపాయలు. ఆ మూడు రశీదుల మీద నా సంతకాలు చాలా అందంగా వచ్చాయి.

రెండు నెలలు నిండుతుండగా మున్షీ సాబ్ తిరిగొచ్చాడు. సీసా అడుగంత మందం అద్దాలు పెట్టుకున్నాడు. నేను ఆగలేక నాయిన భోజనానికి వెళ్ళిన వేళ లెడ్జరు ఆయన ముందు పెట్టి, మా కుటుంబం మునిగిపోతోందని దాదాపు ఏడ్చేశాను. ఆయన పుస్తకం ముక్కుకు ఆనించి రెండు పేజీలు చూశాడు. పాత పుస్తకం పక్కన పెట్టుకుని ఇంకో పేజీ చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి, దగ్గి, కొత్త కళ్ళకు నీళ్ళు తగలకూడదని డాక్టరు చెప్పాడని గుర్తొచ్చి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు.

"ఎడమ దిక్కు జమ, బేటీ. ఆయన మనకిచ్చింది. కుడి దిక్కు ఖర్చు. మనం ఆయనకిచ్చింది. మా తాత గట్లనే రాసిండు, నేను గట్లనే రాసిన. నీ ఇంగ్లీషోళ్ళు ఉల్టా రాస్తరని నాకేం తెలుసు?"

మాస్టరు చెప్పిన పాఠం ఆయన ముందు వల్లించాను. డెబిట్ ఎడమ. ఆయన తలూపాడు. పుస్తకం ఉల్టా అయితే మనుషులూ ఉల్టా అవుతారన్నాడు. మా బాకీదార్లందరినీ అప్పిచ్చినవాళ్ళను చేసేసి, వచ్చి డబ్బు తీసుకెళ్ళమని కార్డులు పంపానన్నమాట. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మున్షీ సాబ్ మాత్రం హుషారుగా ఉన్నాడు. ముప్పై ఏళ్ళలో ఇంత వసూలు చూడలేదని, నాయినకు తాను చెప్పనని, నన్నూ చెప్పవద్దని అన్నాడు. ఒక్క లెక్కల సారు దగ్గరికి మాత్రం తానే వెళ్ళి టెరిలిన్ సంగతి మాట్లాడి వస్తానన్నాడు.

ఆ సాయంత్రమే నాయిన నన్ను పిలిచాడు. లెక్క తప్పిందని ఒక్క మనిషి కూడా దుకాణం మెట్లెక్కలేదు. ఎక్కినవాళ్ళందరూ డబ్బులిచ్చి పోయారు. డెస్కు తాళంచెవి నా చేతిలో పెట్టాడు. మున్షీ సాబ్ ఇక ఇంటిపట్టునే ఉంటాడని, బరువు పనులు చేయలేడని, నెలనెలా ఆయనకు కొంత పంపిద్దామని చెప్పాడు. మాట మీద నిలబడే మనిషి మా నాయిన. అమ్మకు కూడా చెప్పకుండా తాళంచెవి దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

మర్నాడు దుకాణం తెరవకముందే తలుపేసుకుని తప్పు దిద్దడానికి కూచున్నాను. ఏముంది, పాత పుస్తకం నుంచి ఎక్కించినవన్నీ తిరగేయడమే. కుడివి ఎడమకు, ఎడమవి కుడికి. మటన్ సాయిబు ఇవ్వాల్సింది ముప్పై ఏడు, ఇచ్చింది ముప్పై ఏడు, బాకీ సున్న. దర్జీ సున్న. పటేలు సున్న. చేతికి ఊపొచ్చింది, పేజీలు ఎగిరిపోతున్నాయి. బాకీదార్లు బాకీదార్ల వరసలోకి, ఎవరి చోటికి వాళ్ళు వచ్చేస్తున్నారు.

అవ్వ పేజీ దగ్గరికొచ్చాను. ఎడమవైపు ఎనభై ఆరు. కుడికి మార్చాలి. కలం అక్కడ ఆగిపోయింది.

అరవై రెండు మందీ తిరగబడితే అరవై మూడో మనిషి తిరగబడకుండా ఎలా ఉంటుంది? అవ్వ మాకు ఇవ్వాల్సింది ఏమీ లేదు. ఆమె దాచుకుంది. ఎనభై ఆరు రూపాయలు మేమే ఆమెకు ఇవ్వాలి. ఆ డబ్బు దాచుకున్న మనిషికి కోర్టు పేరు చెప్పి, పైన ఇంకో పదిహేను నేను నా చేతులతో తీసుకున్నాను. రశీదులతో సహా.

ముందు నాకొచ్చిన ఆలోచన ఏమిటో దాచను. అవ్వ మెట్లెక్కలేదు. ఎప్పటికీ ఎక్కదు కూడా. చప్పుడు లేకుండా వెళ్ళి పదిహేను రూపాయలు తిరిగిచ్చేస్తే అయిపోతుంది, డెస్కు నాకు మిగులుతుంది. డెస్కుకు తాళం వేసి, చేతిలో పదిహేను రూపాయలతో ఖిల్లా కిందికి నడిచాను.

అవ్వ గుడిసె ముందు కూచుని ఆకులు కుడుతోంది. చుట్టూ గుట్టలుగా మోదుగాకు. అంత ఆకు ఆమె దగ్గర నేనెప్పుడూ చూడలేదు. నన్ను చూడగానే లేచి, ఈ వారం పైసలు ఇంకా జమ కాలేదని, తెల్లారి తెస్తానని అంది. నేను తప్పు జరిగిందని, ఆమె ఏమీ ఇవ్వక్కర్లేదని, మేమే నూట ఒక్క రూపాయి ఇవ్వాలని చెప్పాను. అవ్వ సంతోషిస్తుందనుకున్నాను. భయపడింది. లోపలికి వెళ్ళి గుడ్డముక్కలో చుట్టి పెట్టుకున్న నా కార్డు తెచ్చింది. పోస్టాయనతో మూడుసార్లు చదివించుకుందట.

"దీంట్ల రాసి ఉన్నది. నువ్వు నోటితోని అంటున్నవ్. ఏది నమ్మాలె బిడ్డ? మీ నాయినను వచ్చి చెప్పుమను."

పదిహేను రూపాయలు చేతిలో పెట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ డబ్బు దేనికోసం దాచుకుందో కూడా అప్పుడే చెప్పింది. ఆమెకు ఎవరూ లేరు. చచ్చిపోయాక కట్టెకు, గుడ్డకు, మోసేవాళ్ళకు, వాళ్ళ భోజనాలకు ఎవరూ తమ చేతి పైసా పెట్టకూడదని, జాతర జాతరకు నాయిన దగ్గర కూడబెడుతోంది. ఎవరికీ బాకీ ఉండకుండా పోవాలని ఆమె కోరిక. నేను రాసిన కార్డు చూశాక ఆకు కోసం రోజుకు రెండుసార్లు అడవికి పోతోందట, బాకీ తీరకముందే ఏమైనా అయిపోతానేమోనని.

తిరిగి దుకాణానికి వచ్చేసరికి నాయిన గుడ్డ కొలుస్తున్నాడు. బేరం అయిపోయే వరకు నిలబడ్డాను. తర్వాత మొదటినుంచీ చెప్పాను. ఎడమ, కుడి, కార్డులు, అన్నీ. పటేలు కబురు దగ్గర ఆయన నవ్వాడు. లెక్కల సారు టెరిలిన్ దగ్గర గజంబద్ద పక్కన పెట్టి పొట్ట పట్టుకుని నవ్వాడు. మా నాయిన అంతగా నవ్వడం నేను చూడలేదు. అక్కడితో ఆపేయొచ్చు అనిపించింది. ఆపలేదు. అవ్వ సంగతి కూడా చెప్పాను. నవ్వు ఆగిపోయింది. ఎంత తీసుకున్నావని అడిగాడు. చెప్పాను. చెప్పులు వేసుకుని బయల్దేరాడు. ఎండలో ఆయన వెనక నేను.

ఆయన అవ్వ ముందు ఆకుల మధ్య నేల మీదే కూచున్నాడు. బాకీ నీది కాదవ్వా, మాది అని చెప్పాడు. మొత్తం నూట ఒక్క రూపాయి ఇప్పుడే ఇస్తానన్నాడు. ఆమె వద్దంది, మీ దగ్గరే ఉండనీయమంది. నాయినకు ఒక్కటే అర్థం కాలేదు. దాచుకున్నది తానే అయినప్పుడు, ఆ కార్డు ఎలా నమ్మిందని, తనను వచ్చి ఒక్క మాట ఎందుకు అడగలేదని అడిగాడు.

అవ్వ ఆకు కుడుతూనే చెప్పింది.

"నాకు రావాల్సింది ఉన్నదని నేను పుట్టినకాడి నుంచి ఎవ్వలు రాయలే సావుకారి. నేనిచ్చేదుంటెనే కాయితం వస్తది. కాయితం వచ్చింది. దాసుకున్న అనుకున్నది నా మతిమరుపేమో అనుకున్న."

నాయిన చెదిరిన ఆకులు ఏరి ఆమె ముందు పేర్చాడు. నేను ఆయన మొహం చూడలేకపోయాను. నన్ను చెడామడా తిట్టి ఉంటే బాగుండేది.

దారిలో ఖిల్లా మలుపు దాటాక, జూన్‌లో ట్రేనింగుకు పొమ్మన్నాడు. అవ్వ మెట్లెక్కలేదు కదా అని వాదించే దమ్ము నాకుంది. వాదించాలనిపించలేదు. తాళంచెవి నడుస్తూనే ఆయన చేతిలో పెట్టాను. ఆ డెస్కు పోయినందుకు నాకు కోపం రాలేదంటే అబద్ధం. ఆ కోపం ఇవాళ్టికీ ఉంది.

ట్రేనింగుకు పోయేముందు ఒక్క పని చెప్పాడు. అవ్వకు ఇంకో కార్డు రాయమన్నాడు. ఈసారి ఉత్తరాల పుస్తకం తెరవలేదు. మేము నీకు నూట ఒక్క రూపాయి ఇవ్వాలి అని మామూలు తెలుగులో ఒక్క ముక్క రాశాను. నాయిన సంతకం చేసి, దుకాణం ముద్ర వేశాడు. పోస్టులో వేయవద్దని, నన్నే తీసుకెళ్ళి చదివి వినిపించమన్నాడు.

అవ్వ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని ఎదురుగా కూచుంది. చదివాను. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. ముద్ర ఎక్కడుందో చూపించమని, దాని మీద వేలు పెట్టి, ఇంకొక్కసారి చదవమంది. మూడోసారి సగంలో ఏడుపొచ్చి ఆగిపోయాను. అవ్వ తొందరపెట్టలేదు. నేను మళ్ళీ మొదలుపెట్టే వరకు ముద్ర మీద వేలు తీయకుండా అలాగే కూచుంది.